చెరకు పిప్పి గుజ్జు + రెసిన్ ప్లేట్లకి పేటెంటు వస్తుందా రాదా? ఎఫ్‌ఈఆర్ వచ్చింది, అర్జెంటు

శ్రీను, గాజువాక:
నిన్న సాయంత్రం నుంచి ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను, బుర్ర పని చెయ్యట్లేదు. మేం చెరకు పిప్పి గుజ్జులో బయో రెసిన్ కలిపి ప్లేట్లూ గిన్నెలూ అచ్చు వేస్తున్నాం. సరుకు అనకాపల్లి వైపు నుంచి వస్తుంది. పేటెంటుకి వేశాం. ఇప్పుడు ఎఫ్‌ఈఆర్‌లో (పేటెంటు ఆఫీసు వాళ్ళ మొదటి పరీక్ష నివేదిక) పేటెంటు చట్టం సెక్షన్ 3(ఈ) అంటున్నారు, ఇన్వెంటివ్ స్టెప్ (తెలిసినదాన్ని మించిన కొత్త ఆలోచన) లేదంటున్నారు, డి1, డి2, డి3 అని మూడు పాత పత్రాలు తగిలించారు. అందులో ఒకటి జపాన్ వాళ్ళది. మొత్తం చదివాను, మా ప్లేటు అందులో లేనే లేదు! ఏం రాస్తే ఒప్పుకుంటారు? ఎవరి దగ్గరైనా జవాబు నమూనా ఉంటే పెట్టండి.

పట్నాయక్:
ఏ రెసిన్? ఎంత శాతం? క్లెయిమ్ 1 (హక్కు దేనిమీద అడుగుతున్నారో చెప్పే మొదటి వాక్యం) ఏమిటి?

రమణారావు, ఎంవీపీ కాలనీ:
ముందు ఆ 'బయో' మాట తేల్చుకోండి. బయోడిగ్రేడబుల్ (సూక్ష్మజీవులు ఎప్పటికో కుళ్ళబెట్టేది) వేరు, కంపోస్టబుల్ (ఎరువుగా మారేది) వేరు. పీఎల్‌ఏ (మొక్కల పిండి, చక్కెరల నుంచి చేసే ప్లాస్టిక్) అయితే పెరట్లో గొయ్యి తీసి పాతిపెడితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. 58 డిగ్రీల దగ్గర నడిచే పారిశ్రామిక కంపోస్టు యూనిట్ ఉంటేనే కరుగుతుంది. బీచ్‌లో పారేస్తే సముద్రం దాన్ని అంత తేలిగ్గా అరిగించుకోలేదు. 2022 జులై 1 నుంచి సింగిల్ యూజ్ ప్లాస్టిక్ ప్లేట్లు ఆపేశారు కదా, అప్పట్నుంచి ప్రతివాడూ ఆకుపచ్చ బొమ్మ వేసి అమ్మేస్తున్నాడు. కంపోస్టబుల్ అని అమ్మాలంటే ఐఎస్/ఐఎస్ఓ 17088 పరీక్షలు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్టు కావాలి. మీ దగ్గర ఉందా?

శ్రీను, గాజువాక:
సార్, నేనడిగింది పేటెంటు గురించి. రెసిన్ పీఎల్‌ఏనే, ఇంకేముంటుంది. ముప్పై శాతం అటూ ఇటూ. క్లెయిమ్ 1: 'గుజ్జు మరియు బయోడిగ్రేడబుల్ రెసిన్ కలిగియున్న అచ్చు వస్తువు.'

పట్నాయక్:
అంతేనా? అయితే ఎఫ్‌ఈఆర్ సరిగ్గానే ఉంది.

సుజాత:
పేటెంటు పనులు చూస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను శ్రీను గారూ. గుజ్జుతో పళ్ళేలు అచ్చు వెయ్యడం మన కాలం నాటిది కాదు. అమెరికాలో మార్టిన్ కీస్ 1900ల మొదట్లోనే దానికి యంత్రం చేశాడు. గుజ్జు వస్తువులకి పేటెంటు వర్గీకరణలో డి21జె అని ప్రత్యేకంగా ఒక గదే ఉంది. పేటెంట్‌స్కోప్‌లోకి (పేటెంట్లు వెతికే వెబ్‌సైటు) వెళ్ళి దానికి సి08ఎల్ 67/04 (పీఎల్‌ఏ లాంటి పాలిమర్ల వర్గం) జోడించి వెతకండి, పీఎల్‌ఏ కలిపినవి బోలెడు కనిపిస్తాయి. మీ క్లెయిమ్ 1 వాటన్నిటినీ కప్పేస్తోంది. మీ ప్లేటు డి1లో లేకపోవచ్చు, కానీ డి1 మీ క్లెయిమ్‌లో ఉంది.

3(ఈ) అంటే, రెండు పదార్థాలు కలిపితే వచ్చింది వాటి విడివిడి గుణాల మొత్తమే అయితే అది ఆవిష్కరణ కాదు. దాన్ని దాటాలంటే మాటలు చాలవు, అంకెలు కావాలి. గుజ్జు ఒక్కదానితో, పీఎల్‌ఏ ఒక్కదానితో, మీ మిశ్రమంతో ప్లేట్లు చేసి నీళ్ళు పీల్చడం, తన్యబలం (లాగితే తెగకుండా ఆగే బలం), వేడి సాంబారు ఆగిన సమయం పక్కపక్కన పట్టికలో చూపించండి. ఊరికే పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మీది మెత్తబడకపోతే ఎందుకు మెత్తబడలేదు? పీఎల్‌ఏని పీచుగా వేస్తున్నారా, పొడిగానా? అచ్చు వేడి ఎంత? పీఎల్‌ఏ కరిగి గుజ్జు పోగుల కీళ్ళ దగ్గర అతుక్కుంటోందా? చెప్పుకోదగ్గ విషయం ఉంటే అక్కడే ఉంటుంది. నూనె పీల్చకుండా చాలామంది పీఫాస్ (నూనె, నీళ్ళు అంటనివ్వని ఫ్లోరిన్ రసాయనాలు) పూస్తారు. మీరు అది లేకుండా ఆపగలిగితే అదీ పెద్ద వాదనే.

కానీ సెక్షన్ 59 ప్రకారం స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తుతో ఇచ్చిన ఆవిష్కరణ వివరణ) ముందు లేనిది ఇప్పుడు చేర్చలేరు. ఆ వేడీ ఆ శాతాలూ మొదటే రాసి ఉంటే క్లెయిమ్‌ని వాటికి కుదించుకోవచ్చు. రాశారా?

కిరణ్:
మేడమ్, నేను లా చదువుతున్నాను. 3(ఈ)లో ఉన్నది 'సబ్‌స్టెన్స్' గురించి. ప్లేటు ఆర్టికల్ కదా, పదార్థం కాదు కదా! అసలు 3(ఈ) వర్తించదని మొదటి పేరాలోనే కొట్టెయ్యొచ్చు.

సుజాత:
వాదించండి, తప్పులేదు. కానీ ఆ క్లెయిమ్‌లో ఆకారం గురించి ఒక్క ముక్క లేదు, ఉన్నదంతా మిశ్రమమే. పైన 'వస్తువు' అని పేరు పెట్టినంత మాత్రాన వదలరు. ఒకవేళ 3(ఈ) పోయినా ఇన్వెంటివ్ స్టెప్ అక్కడే కూర్చుని ఉంటుంది. 1978లో సుప్రీంకోర్టు బిశ్వనాథ్ ప్రసాద్ కేసు చదివారా? అదీ పాత్రల తయారీ కేసే, లేత్ మీద పాత్రని పట్టి ఉంచే పద్ధతి. పనివాడు మామూలుగా చేసుకునే మెరుగుదలకి పేటెంటు లేదన్నారు.

కిరణ్:
అది ఇప్పటి 1970 పేటెంటు చట్టం కింద కాదు, పాత 1911 చట్టం కింద.

సుజాత:
అయినా ఇప్పటికీ ప్రతి ఆర్డరులో ఎత్తి రాస్తున్నారు బాబూ.

అప్పలరాజు, పాడేరు:
ఏటండీ ఈ గొడవ. మా ఏజెన్సీలో అడ్డాకులు కుట్టి తరతరాలుగా విస్తర్లు ఏస్తన్నాం, మాకు ఏ 3(ఈ) అడ్డం రాలేదు. శ్రీను తమ్ముడూ, ఆ పేటెంటు వదిలేసి ప్లేటు ఆకారానికి డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించేసుకో. పదేళ్ళు, తర్వాత ఇంకో అయిదేళ్ళు.

రమణారావు, ఎంవీపీ కాలనీ:
విస్తరాకుల్ని దీనితో కలపకండి. అవి నిజంగా మట్టిలో కలుస్తాయి. ఇది కలవదు. నేను చెప్పేది అదే.

శ్రీను, గాజువాక:
మేడమ్, శాతాలు స్పెసిఫికేషన్‌లో ఉన్నాయి, 20 నుంచి 45 అని. వేడి సంగతి రాశారో లేదో మా ఏజెంటుని అడగాలి. ఇంకో మాట. మా ప్లేట్లు ఎంత బాగున్నాయో జనమే చెప్పారు. ఎక్స్‌పోలో స్టాల్ పెట్టాం, అచ్చు వేసే ప్రెస్ దగ్గర తీసిన వీడియో బాగా తిరిగింది. ఆ లింకులు జవాబుతో జత చేస్తే బలం వస్తుందా?

సుజాత:
ఎక్స్‌పో ఎప్పుడు? ఫైలింగ్‌కి ముందా, తర్వాతా?

శ్రీను, గాజువాక:
ముందే. వీడియో చూసి ఆర్డర్లొచ్చాకే కదా పేటెంటు వెయ్యమన్నారు. ఎందుకండీ?

సుజాత:
అది మొదటి పోస్టులో ఉండాల్సిన మాట. సెక్షన్ 31లో ప్రదర్శనకి మినహాయింపు ఉంది, కానీ కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనకే, అదీ ప్రారంభమైన 12 నెలల్లోపు ఫైల్ చేస్తేనే. మామూలు ట్రేడ్ ఎక్స్‌పో దానికిందకి రాదు. వీడియోలో ప్రెస్ వేడి మీటరు కనిపిస్తోందా? శాతం ఎవరైనా నోటితో చెప్పారా? ఊరికే ప్లేట్లే చూపిస్తే ఒక రకం, ఎలా చేస్తారో చూపిస్తే ఇంకో రకం. మీకు మిగిలేదంతా ఆ వివరాల్లోనే ఉంది, అవే బయట పెట్టేస్తే కష్టం. డిజైన్‌కీ అంతే, ముందే బయటపెట్టిన ఆకారానికి ఇవ్వరు. ఎఫ్‌ఈఆర్ తేదీ కూడా చెప్పండి, జవాబుకి ఆరు నెలలే.

పట్నాయక్:
ఎన్‌బీఏ (జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ) అనుమతి గురించి అభ్యంతరం కూడా ఉందేమో చూడండి. పిప్పి జీవవనరే, ఎక్కడిదో స్పెసిఫికేషన్‌లో చెప్పాలి.

అప్పలరాజు, పాడేరు:
పిప్పికి కూడా పర్మిషనా! రేపు అడ్డాకు కొయ్యాలన్నా ఢిల్లీ అడగాలేటి.

రమణారావు, ఎంవీపీ కాలనీ:
ఎన్‌బీఏ ఢిల్లీలో లేదు, చెన్నైలో ఉంది.

కిరణ్:
1911 చట్టం విషయం మాత్రం నేను కరెక్టే.

శ్రీను, గాజువాక:
సరేనండి, మా ఏజెంటుతో మాట్లాడతాను. థాంక్స్ అందరికీ.

సుజాత:
ఎఫ్‌ఈఆర్ తేదీ?

లక్ష్మి, మధురవాడ:
శ్రీను గారూ, ఈ ప్లేట్లు హోల్‌సేల్‌లో ఎంత పడతాయి? వచ్చే నెల మా ఇంట్లో పెళ్ళి ఉంది, సాంబారుకి ఆగేవే కావాలి.