బ్రేక్ తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా దిగిపోతోంది, మాస్టర్ సిలిండరేనా?

తెల్లకారు_ఉప్పల్:
పదేళ్ల హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. సిగ్నల్ దగ్గర బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచితే పెడల్ మెల్లగా కింద దాకా పోతోంది. వదిలి మళ్లీ తొక్కితే పైనే దొరుకుతోంది. బానెట్ కింద బ్రేకాయిల్ డబ్బాలో ఆయిల్ తగ్గట్లేదు, చక్రాల దగ్గర తడి లేదు. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండరేనా? కిట్ (లోపలి రబ్బరు సీళ్ల సెట్) వేస్తే సరిపోతుందా, మొత్తం మార్చాలా? ముందు ఎడమ చక్రం ఒక్కటే బాగా వేడెక్కుతోంది, అదీ దీనివల్లేనా?

పదోనంబర్_పానా:
ఈ లక్షణం సిలిండర్ లోపలి రబ్బరు కప్పు (పిస్టన్ సీల్) అరిగినప్పటిదే. ప్రెషర్‌కు ఆయిల్ ఆ కప్పు అంచు దాటి వెనక్కి, డబ్బాలోకి పోతోంది. అందుకే ఆయిల్ తగ్గదు. అయితే గట్టిగా తొక్కి పరీక్ష చేయకండి. గట్టిగా తొక్కితే కప్పు అంచు విచ్చుకుని గోడకు అదుముకుంటుంది, లోపం బయటపడదు. కారు కదలకుండా ఆగడానికి ఎంత చాలో అంతే తొక్కి అరనిమిషం పట్టుకోండి. దిగుతూనే ఉంటే కప్పు పోయినట్టే. ఇంజిన్ ఆన్‌లో బలంగా తొక్కినప్పుడు కొంచెం దిగి ఆగిపోతే అది బూస్టర్ (తొక్కే బలాన్ని పెంచే, మాస్టర్ వెనక ఉండే గుండ్రటి డబ్బా) సాయం, రోగం కాదు.

రాణిగంజ్_రోడ్డు:
ఆయిల్ తగ్గట్లేదంటే డబ్బా మీద గీత గీసి వారం చూసినవా అన్నా? వెనక సీల్ పోతే ఆయిల్ బూస్టర్ లోపలికి పోతది, కింద చుక్క పడదు. సిలిండర్ బిగించిన రెండు నట్లు విప్పి, పైపులు ఊడదీయకుండ జర ముందుకు జరిపి, సందుల తెల్లగుడ్డ దూర్చి చూడు. గుడ్డ తడిస్తే కథ వేరే. బూస్టర్ డయాఫ్రం కూడ ఉబ్బి పాడైతది.

గేరు_గురువు:
ఊహాగానాలు ఎందుకు? సిలిండర్ నుంచి వెళ్లే పైపులు విప్పి ఆ రంధ్రాలకు బోల్టు ప్లగ్గులు బిగించండి. చాలా కార్లకు పది మిల్లీమీటర్ల, ఒక మిల్లీమీటరు పిచ్ మర పడుతుంది. గాలి తీసి తొక్కండి. పెడల్ రాయిలా నిలబడితే సిలిండర్ మంచిదే, లోపం కింద ఎక్కడో ఉంది. అప్పటికీ దిగితే సిలిండరే. పైపు నట్లకు మామూలు పానా వద్దు, అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. ఫ్లేర్ నట్ పానా తెచ్చుకోండి.

అనంతగిరి_మలుపు:
నాలాగా తరచూ ఘాట్ దిగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. దిగాక పెడల్ మెత్తబడి, గంట ఆగాక మళ్లీ మామూలైతే మాస్టర్ తప్పు కాదు, ఆయిల్ మరిగింది. డాట్ 3 రకం బ్రేకాయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరగకుండా కనీసం 205 డిగ్రీల దాకా తట్టుకోవాలి. 3.7 శాతం నీరు పీలిస్తే ఆ కనీసం 140 మాత్రమే. డాట్ 4కి ఇవే 230, 155. మన వానాకాలం తేమకు మూత తీసిన సగం డబ్బా మరుసటి ఏడాదికి దాచిపెట్టడం మహా తప్పు.

రాణిగంజ్_రోడ్డు:
డాట్ 3 బండిల డాట్ 4 పోస్తే సీళ్లు తింటది.

గేరు_గురువు:
తినదు. రెండూ గ్లైకాల్ జాతివే, కలుస్తాయి. కలవనిది సిలికాన్ డాట్ 5. సీళ్లను తినేది ఎవరో పొరపాటున పోసిన స్టీరింగ్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్. డబ్బా మూత విప్పి లోపలి రబ్బరు చూడండి. ఉబ్బి, మడతలు పడి, తిరిగి మూతలో కూర్చోకపోతే ఖనిజ నూనె కలిసినట్టే. అప్పుడు మాస్టర్ ఒక్కటే మార్చి లాభం లేదు. క్యాలిపర్ (డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కేది), వీల్ సిలిండర్ (డ్రమ్ము లోపలిది), హోస్ పైపులు, రబ్బరున్న ప్రతిదీ పోవాల్సిందే.

పదోనంబర్_పానా:
కిట్ సంగతి: అల్యూమినియం సిలిండర్ అయితే కిట్ వద్దు. లోపలి గోడకు యానోడైజ్ పూత ఉంటుంది. ఎమరీ కాగితంతో రుద్దితే అది పోతుంది, కొత్త కప్పును ఆ గోడే కొద్ది నెలల్లో కోసేస్తుంది. పాతకాలపు పోత ఇనుము సిలిండర్‌కైతే కిట్ న్యాయమే.

రాణిగంజ్_రోడ్డు:
గోడ నున్నగ ఉంటే కిట్టే చాలు. వేలిగోరు పెట్టి చూడు, గీత తగలకపోతే అయిపాయె. ప్రతిదానికి అసెంబ్లీ (మొత్తం సిలిండర్) మార్చుమనుడు జేబులు కొట్టుడే. ఇరవై ఏండ్ల సంది కిట్లే వేస్తున్న.

పదోనంబర్_పానా:
గోరుకు తగలని గుంట కూడా కప్పును కోస్తుంది, అదీ బ్రేక్ విషయంలో. సరే, మీ అనుభవం మీది. గోడ మచ్చలేకుండా మెరుస్తుంటేనే, పెట్రోల్, కిరోసిన్ తగలనీయకుండా బ్రేకాయిల్‌తోనే కడిగి వేయండి. అంతకు మించి నేను ఒప్పుకోను.

సైనిక్‌పురి_డీజిల్:
కొత్తది వేసేముందు బెంచ్ మీద గాలి తీయండి. వైస్‌లో చెవుల దగ్గర పట్టించి, రెండు రంధ్రాల నుంచి చిన్న గొట్టాలు తిరిగి డబ్బాలోకి పెట్టి, మొద్దు కడ్డీతో పిస్టన్‌ను మెల్లగా నొక్కుతూ వదులుతూ పోవాలి. బుడగలు ఆగేదాకా. తర్వాత చక్రాల గాలి. కుడి వెనక చక్రం నుంచి మొదలు.

గేరు_గురువు:
కుడి వెనక ఎందుకు? అది ఎడమ స్టీరింగ్ దేశాల వీడియో చూసి చెప్పే మాట. అక్కడ మాస్టర్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి కుడి వెనక దూరం. మన కార్లలో ఎక్కువగా కుడివైపు ఉంటుంది, దూరం ఎడమ వెనక.

సైనిక్‌పురి_డీజిల్:
గాలి పోయిందా లేదా అన్నదే లెక్క. వరుసతో పనేంటి? అన్నీ రెండుసార్లు తిప్పితే ఎటునుంచైనా పోతుంది.

గేరు_గురువు:
పనేంటంటే, మాస్టర్‌లో రెండు గదులుంటాయి, ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే బండిలో వాటి పైపులు ఐమూలగా ఉంటాయి. ఎడమ వెనక, కుడి ముందు ఒక గది. కుడి వెనక, ఎడమ ముందు రెండో గది. ఒక గది చక్రాల గాలి పూర్తిగా తీసి రెండోదానికి వెళ్లాలి. దారి మధ్యలో వదిలేస్తే ఆయిల్ లీటరు పోసినా పెడల్ స్పాంజిలాగే ఉంటుంది. తెలియకుండా చెప్పకండి, ఇది ప్రాణాలతో పని.

అనంతగిరి_మలుపు:
ఇద్దరూ ఆగండి. బానెట్ ఎత్తి మాస్టర్ ఎటువైపు ఉందో చూస్తే సగం గొడవ తీరుతుంది. ఏబీఎస్ బండికి కంపెనీ మాన్యువల్ వరుసే ఖాయం. ఏబీఎస్ యూనిట్‌లో గాలి చిక్కితే స్కానర్‌తో పంపు తిప్పాల్సి రావచ్చు. ఇంకొకటి, పాత సిలిండర్‌తో గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలదాకా తొక్కించకండి. రోజూ కప్పు తిరగని చివరి భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి, కప్పు అక్కడికి పోయి చిరుగుతుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టండి.

తెల్లకారు_ఉప్పల్:
ప్లగ్గులు బిగించి చూశాను, పెడల్ అప్పటికీ దిగింది. గుడ్డ తడవలేదు. అసెంబ్లీయే మారుస్తున్నాను. ముందు ఎడమ చక్రం వేడి గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పదోనంబర్_పానా:
మాస్టర్‌లో ఆయిల్ వెనక్కి రావాల్సిన సన్న రంధ్రం మూసుకుంటే ఆ గదిలోని రెండు చక్రాలూ పట్టాలి, మీ కారులో కుడి వెనకది కూడా. పుష్‌రాడ్‌కు (పిస్టన్‌ను నెట్టే కడ్డీకి) సందు లేక అది పిస్టన్‌ను నొక్కి ఉంచితే నాలుగూ పట్టొచ్చు. ఒక్కటే అంటే ఎక్కువగా అక్కడి హోస్ లోపల వాచినట్టు, లేదా క్యాలిపర్ పిస్టన్, పిన్నులు ఇరుక్కున్నట్టు. చక్రం పట్టి ఉన్నప్పుడే జాకీ పెట్టి, ముందు మాస్టర్ దగ్గరి పైపు నట్టు కొద్దిగా వదులు చేయండి. చక్రం తిరిగితే లోపం పైన. తిరగకుండా, క్యాలిపర్ మీద గాలి తీసే నిపుల్ వదులు చేశాకే తిరిగితే హోస్ మార్చండి. అప్పటికీ తిరగకపోతే క్యాలిపర్ విప్పండి. పైపు నట్టు విప్పేటప్పుడు కింద పాత గుడ్డ పరచండి. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి, తుడిస్తే చాలదు.