ఆర్థోపెడిక్స్‌లో మహిళలు ఇంత తక్కువగా ఎందుకున్నారు?

ప్రశ్న:
నేను ఎంబీబీఎస్ చివరి సంవత్సరంలో ఉన్నాను. మా తరగతిలో సగానికి పైగా అమ్మాయిలమే అయినా, ఆర్థోపెడిక్స్ (ఎముకలు, కీళ్ల వైద్యం) పోస్టింగ్ ముగిసేవరకు ఆపరేషన్ థియేటర్‌లో ఒక్క మహిళా సర్జన్ కూడా నాకు కనిపించలేదు. "అది బలం కావలసిన పని, గైనకాలజీ చూసుకోమ్మా" అని ఒక సీనియర్ సలహా ఇచ్చారు. నిజంగా బలమే అడ్డంకా?

సమాధానం 1:
పదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ మాట సగం కూడా నిజం కాదు. విరిగిన తొడ ఎముకను సరిచేసేటప్పుడు, మత్తుతో కండరాలు సడలిన తరువాత, కాలిని ట్రాక్షన్ టేబుల్‌కు బిగించి మర తిప్పుతూ లాగుతాము. డ్రిల్లు, రంపం బ్యాటరీతో నడుస్తాయి. అసలు ఇబ్బంది పరికరాల కొలతలతో వస్తుంది. నా గ్లవ్ సైజు 6, చేతికిచ్చే పరికరాల పిడులేమో పెద్ద అరచేతుల కోసం చేసినవి. సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపే యంత్రం) వాడేటప్పుడు ఆ కిరణాలు తగలకుండా వేసుకునే లెడ్ ఏప్రన్ (సీసపు కవచం) వదులుగా ఉంటే చంక దగ్గర ఖాళీ ఏర్పడుతుంది. రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనిపించే పై వెలుపలి భాగం సరిగ్గా అక్కడే ఉంటుంది. మీ కొలతకు సరిపడే ఏప్రన్ అడగడానికి మొహమాటపడకండి.

సమాధానం 2:
అమెరికాలో 2019 నాటికే వైద్య విద్యార్థుల్లో సగానికి పైగా మహిళలు ఉండగా, ఆర్థోపెడిక్ సర్జన్లలో వారు నూటికి ఆరుగురికి అటూఇటూగానే ఉన్నారు. అక్కడి ఆర్థోపెడిక్ అకాడమీలో తొలి మహిళా సభ్యురాలిగా రూత్ జాక్సన్ చేరినది 1937లో అని గుర్తు చేసుకుంటే, ఈ మార్పు ఎంత నెమ్మదిగా సాగుతోందో తెలుస్తుంది. రాత్రి డ్యూటీలకు భయపడి ఆడవాళ్లు రావడం లేదంటారు గానీ, కాన్పులు వేళ చూసుకుని వస్తాయా? ఆ దేశంలో ప్రసూతి విభాగపు రెసిడెంట్లలో (శిక్షణలో ఉన్న డాక్టర్లలో) నూటికి ఎనభై మందికి పైగా మహిళలే.

సమాధానం 3:
నేను శిక్షణ ఇచ్చే వైపు ఉన్న మగవాణ్ని. కొన్నేళ్ల క్రితం ఒక పీజీ విద్యార్థిని, "సార్, సుత్తి ఎప్పుడూ అబ్బాయిలకే ఇస్తారు, మాకు రిట్రాక్టరూ (కోతను తెరిచి పట్టుకునే పరికరం) డిశ్చార్జ్ సమ్మరీలూనే" అన్నప్పుడుగానీ నా అలవాటు నాకు తెలియలేదు. గర్భధారణ విషయం మాత్రం తేలికగా తీసుకోకూడదు, ఎందుకంటే శిక్షణ కాలం, పిల్లలను కనే వయసు ఒకేసారి వస్తాయి. మీరు సీటు ఎంచుకునే ముందు, గర్భిణులైన పీజీలకు సీ-ఆర్మ్ కేసులు ఎలా సర్దుబాటు చేస్తారో, సెలవు తీసుకుంటే శిక్షణ ఎన్ని నెలలు పొడిగిస్తారో ఆ విభాగంలో చదువుతున్నవారినే అడిగి తెలుసుకోండి.