ఎదురు ఫ్లాట్ మిషనరీ దంపతులు రోజంతా ఏం చేస్తారు? ఎవరికైనా తెలుసా?

గోదారోడు_ఘనాలో:
ఉద్యోగం మీద అక్రా వచ్చి రెండేళ్లయింది. ఆరు నెలల కిందట మా ఎదురు ఫ్లాట్‌లోకి అమెరికా నుంచి ఒక పెద్దవాళ్ల జంట దిగింది, ఆయనకి 68, ఆవిడకి 66. యూటా వాళ్లు. మనం మార్మన్లు అంటామే, ఆ చర్చి మిషనరీలు, వాళ్లు మాత్రం లేటర్ డే సెయింట్స్ అనే చెప్పుకుంటారు. మిషనరీలంటే పుస్తకం పట్టుకుని గుమ్మం గుమ్మం తిరుగుతారనుకున్నా. వీళ్లేమో పొద్దున్నే పికప్ బండిలో పరుపులు, బకెట్లు, దోమతెరలు వేసుకుని బయల్దేరి సాయంత్రానికి దుమ్ముకొట్టుకుని వస్తారు, అచ్చం మన దగ్గర కొత్తగా హాస్టల్ పెట్టినవాళ్లలా. జీతం లేదట, ఖర్చు కూడా సొంత డబ్బేనట, 18 నెలలు. ఇంటి దగ్గర 11 మంది మనవలు.

వచ్చిన కొత్తలో మా ఆవిడ పిలిచి ఫిల్టర్ కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసు వైపు చూశాడు, ఆవిడ ఆయన వైపు చూసింది, ఇద్దరూ నవ్వుతున్నారు కానీ చెయ్యి మాత్రం ముందుకు రావట్లేదు. టీ, కాఫీ తాగరని అప్పుడు తెలిసింది. బూస్ట్ కలిపిస్తే రెండో గ్లాసు అడిగి మరీ తాగారు.

ఈ వయసులో ఇదంతా ఎందుకు? నిజంగా వాళ్ల పనేంటి? రాజమండ్రి నుంచి మా అమ్మ రోజూ "మతం మార్చేస్తారేమోరా, జాగ్రత్త" అంటోంది. తెలిసినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

సికింద్రాబాదీ:
బ్రో, నేను ఆ చర్చి సభ్యుడినే, కాబట్టి నా మాట కొంచెం తగ్గించి తీసుకున్నా ఫర్లేదు. మన హైదరాబాద్‌లో 2012లో స్టేక్ ఏర్పడింది, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం అన్నమాట, దేశంలో అదే మొదటిది.

నేను కుర్రాడిగా రెండేళ్లు బెంగళూరు మిషన్‌లో చేశా. గుమ్మాలు తిరిగే పని మాలాంటి కుర్రాళ్లది, ఇద్దరిద్దరుగా ఉంటాం, లేచే టైం నుంచి పడుకునే టైం దాకా రూల్సే. పెద్ద జంటలకి అంత టైంటేబుల్ ఉండదు, ఇన్ని గంటలు ప్రచారం చేయాలన్న లెక్కా లేదు. ఆఫీసు పని, లెక్కలు, బళ్లు, కుర్రాళ్ల అద్దె గదులు, కొందరికి బావులు, ఆసుపత్రి సామాన్ల లాంటి సహాయ కార్యక్రమాలు, కొందరికి చదువు చెప్పించే పని. మీ వాళ్ల పరుపులన్నీ గదుల కోసమే అయ్యుంటాయి.

మాకూ అలాంటి ఒక జంట ఉండేది. గది తనిఖీకి వచ్చినప్పుడు ఆవిడ నేరుగా ఫ్రిజ్ దగ్గరికే వెళ్లేది. ఓసారి మూడు రోజుల నాటి సాంబారు గిన్నె బయటికి తీసి, మూత తెరిచి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టింది. ఆ చూపు మా అమ్మమ్మదే! నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు గంజి ఎలా కాయాలో కింద ఇంటావిడని అడిగి నేర్చుకుని, ఉప్పు మర్చిపోయి తెచ్చిందీ ఆవిడే. ఇంకో తమాషా, పేరుతో పిలవరు, ఇంటిపేరుకి ముందు ఎల్డర్ అంటారు, 70 ఏళ్లాయనా ఎల్డరే, 19 ఏళ్ల నేనూ ఎల్డరే.

సూటిగా_చెప్తా:
ఫ్రిజ్ తుడవడానికి ఎవరూ సముద్రాలు దాటి రారండీ. పరుపు మోసినా, బావి తవ్వినా చివరికి చర్చిలో జనాన్ని పెంచడానికే. పైగా నల్లజాతి మగవాళ్లకి 1978 దాకా తమ యాజకత్వం, అంటే మత కర్మలు జరిపే అధికారం, ఇవ్వని చర్చి అది, ఇప్పుడు ఆఫ్రికాలో సేవ అంటే నమ్మాలా?

లీహై_లక్ష్మి:
నేను యూటాలోనే ఉంటాను, చర్చి మనిషిని కాదు. పైన చెప్పిన 1978 విషయం నిజమే, ఇక్కడ ఇప్పటికీ దాని మీద మాటలు నడుస్తుంటాయి. ఆ ఏడాది జూన్‌లో నియమం మారింది, నవంబరులో నైజీరియా, ఘనాలకి వెళ్లిన మొదటి మిషనరీలు రెండు పెద్ద జంటలే, కేనన్ దంపతులు, మేబీ దంపతులు. కానీ వాళ్లు వెళ్లేసరికే ఘనాలో జోసెఫ్ విలియం బిల్లీ జాన్సన్ అనే ఆయన, ఏ మిషనరీ లేకుండానే, 1960ల నుంచీ సంఘాలు నడుపుతున్నాడు. అంటే అక్కడివాళ్లే ముందు అడిగారు. 1989లో ఘనా ప్రభుత్వం చర్చి కార్యకలాపాలు ఆపేసింది, 1990 చివర్లో మళ్లీ అనుమతించింది. అంత సాఫీగా ఏమీ నడవలేదు.

డబ్బు సంగతి: మా ఆఫీసులో ఒకతని అమ్మానాన్నా వెళ్లారు. కారు అమ్మేసి, ఇల్లు అద్దెకిచ్చి వెళ్లారు. ఏ దేశమో ఇష్టం చెప్పుకోవచ్చు గానీ ఖాయం చేసేది చర్చే. అక్కడ ఉండే ఇంటి అద్దె ఖర్చుకి మాత్రం హద్దుంది, 2011లో దాన్ని నెలకి 1,400 డాలర్లుగా పెట్టారు, హద్దుకి మించి పడితే మిగతాది చర్చి పెట్టుకుంటుంది. తిండి, టికెట్లు, మందులు, అన్నీ వీళ్లవే. అబ్బాయి బాధల్లా ఒకటే, కూతురు పుడితే వాళ్లమ్మ వీడియోలో చూసింది. మన అమ్మలు పురిటికని ఆరు నెలల వీసా మీద ఇక్కడికి పరిగెత్తుకొస్తుంటే, ఈవిడ ఎదురు దిక్కుకి వెళ్లింది.

మీ అమ్మగారికి చెప్పండి, నమ్మకం గురించి మాట్లాడితే మాట్లాడతారు, అందులో దాచేదేం లేదు. మాకొద్దు అని ఒక్కసారి స్పష్టంగా చెప్పేయండి. నాకు తెలిసినవాళ్లెవరూ రెండోసారి ఎత్తలేదు.

గోదారోడు_ఘనాలో:
అందరికీ థాంక్స్. నిన్న అడిగేశా. సికింద్రాబాదీ చెప్పిందే, కుర్రాళ్ల గదులన్నీ ఈయన నెత్తిమీదే. ఇక్కడ ఇంటి ఓనర్లు ఏడాది, రెండేళ్ల అద్దె ఒకేసారి ముందే అడుగుతారు, ఆ బేరాలు, ప్రీపెయిడ్ మీటర్లో డబ్బులు, పాలీట్యాంకు అనే ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు, ఇదీ ఆయన మిషన్. "బోధించడం కన్నా ప్లంబర్ కోసం ఎదురుచూడటమే ఎక్కువ" అని నవ్వాడు. మేం గుడికెళ్లేవాళ్లం, మారం అని కూడా చెప్పేశా. సరే అని, ఇడ్లీ పిండి పులవడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది ఆవిడ.

ఆదివారం సాయంత్రం ఆరుకి మనవలతో కాల్, అక్కడ మధ్యాహ్నం పన్నెండు. మొన్న సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, దీన్ని ఇక్కడ డమ్‌సార్ అంటారు. ఆవిడ ఫోన్ పట్టుకుని మా తలుపు కొట్టింది, మాకు ఇన్వర్టర్ ఉందిగా. మా సోఫాలో కూర్చుని గంటన్నర మాట్లాడారు, ఎవరికో ముందు పన్ను ఊడిందట, స్క్రీన్ నిండా ఆ బోసినోరే.

వచ్చే ఆదివారం భోజనానికి పిలిస్తే రాలేమన్నారు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసమట, ఆ మిగిలిన డబ్బు పేదలకిస్తారట. శనివారానికి మార్చాం. ఇది చెప్తే అమ్మ కాసేపు ఆగి, "ఏకాదశి లాంటిదా? నీళ్లయినా తాగుతారా?" అంది. తాగరంటే, "ఆ వయసులోనా!" అని ఫోన్ నాన్నకిచ్చేసింది.