మూసిపెట్టిన ఇంటి రిపేర్లు: ఒకే మనిషికి గుత్తకా, పనికొకరు రోజుకూలికా?

తుమ్మలపెంట రోడ్డు:
కావలిలో మా అమ్మానాన్నల ఇల్లు నాలుగేళ్లుగా తాళం వేసి ఉంది. మేం ఉండేది బెంగళూరులో. మిద్దె ఉరుస్తోంది. పోర్టికో కప్పు అడుగున పెచ్చులూడి ఇనుము కనపడుతోంది. పిట్టగోడలో రావి మొక్క మొలిచింది. మోటారు హుమ్మంటుంది గాని తిరగదు, కుళాయిలన్నీ కారుతున్నాయి. దొడ్లో నడుమెత్తు గడ్డి, రెండు కొబ్బరి చెట్లు, ఒక నిమ్మ. అన్నీ కలిపి గుత్తకి చేస్తానని ఒకాయన అంటున్నాడు. ఇవ్వొచ్చా? అక్టోబరు వానలు పట్టేలోపు అయిపోవాలి.

సింగరాయకొండ మేస్త్రీ:
మిద్దె, పోర్టికో మాత్రం గుత్తకి ఇవ్వద్దన్నా. కొట్టి చూస్తే గాని అక్కడ ఎంత పనుందో ఎవరూ చెప్పలేరు. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండింతలకు పైగా ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చులు లేస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకా తొందరగా లేస్తుంది. గుత్తకి ఒప్పుకున్నవాడు ఊడిన చోట సిమెంటు మెత్తి, పైన సున్నం కొట్టి పోతాడు. లోపల తుప్పు అట్టే ఉంటుంది, వచ్చే ఏడు పక్కనే ఇంకో పెచ్చు ఊడుతుంది.

ముందు కప్పుకి ఆధారంగా జాకీలు పెట్టాలి. తర్వాత సుత్తితో తడుతూ పోయి, డొల్ల శబ్దం వచ్చినంత మేరా కొట్టేయాలి. చువ్వ వెనక వేలు దూరేంత ఖాళీ రావాలి. ఇనుము తెల్లగా మెరిసేదాకా వైరు బ్రష్షుతో గీకి జింకు ప్రైమరు పూయాలి. అది ఆరాక ఎస్‌బీఆర్ లేటెక్సు (సిమెంటుకి పట్టు పెంచే రబ్బరు ద్రవం) ఒక వంతు, నీళ్లు ఒక వంతు తీసుకుని సిమెంటుతో గుజ్జు చేసి పూసి, ఆ పూత పచ్చిగా ఉండగానే 1:3 మాలు (సిమెంటు ఒక వంతు, ఇసుక మూడు వంతులు) ఎక్కించాలి. మాలులో కూడా లేటెక్సు ఉండాలి, సిమెంటు బరువులో 10 నుంచి 15 శాతం. ఒకేసారి మందంగా వేస్తే దాని బరువుకే జారిపోతుంది, అర అంగుళం చొప్పున వరసలుగా వేయాలి. చువ్వ సన్నబడి ఉంటే పక్కన కొత్తది కట్టాలి. ఎంత కట్టాలో ఇంజనీరు చూసి చెప్పాలి, మేస్త్రీ కాదు.

దర్గామిట్ట:
ఇంటివాళ్లు బెంగళూరులో ఉంటే రోజుకూలి లెక్క ఎవరు చూస్తారు మేస్త్రీ గారూ? వాషరు లేదని బజారుకి పోతే ఒక పూట పోయినట్టే. నా మాట గుత్తే. కాకపోతే అన్నిటికీ కలిపి ఒక అంకె ఒప్పుకోవద్దు, ఏ పనికెంతో విడివిడిగా కాగితం మీద రాయించుకోండి, సామాను మీరే కొనివ్వండి.

మోటారు సంగతే చూడండి. హుమ్మని తిరగకపోతే చాలావరకు షాఫ్టు బిగుసుకుని ఉండాలి, లేదా మోటారు తిరగడం మొదలయ్యేందుకు ఊతమిచ్చే కెపాసిటరు పోయి ఉండాలి. మెయిన్ ఆపేసి, వెనక మూత విప్పి ఫ్యానుని చేత్తో తిప్పమనండి. తేలిగ్గా తిరిగితే కెపాసిటరు మార్చాలి. పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్లు అని ఉందో అన్నే ఉన్నది కొనాలి. తిరక్కపోతే పంపు విప్పి, ఇంపెల్లరు (నీళ్లు తోసే చక్రం) చుట్టూ పేరుకున్న ఉప్పు పొర, తుప్పు గీకాలి. తిరుగుతుందేమోనని హుమ్మంటుండగా స్విచ్చి వేసి ఉంచితే వైండింగు (లోపలి తీగ చుట్లు) కాలిపోతుంది. అప్పుడు చిన్న రిపేరు కాస్తా రీవైండింగు ఖర్చవుతుంది. ఇది తెలిసిన పని, కొలత ఉన్న పని. దీనికి రోజుకూలి దేనికి?

సింగరాయకొండ మేస్త్రీ:
మోటారు, కుళాయిలు గుత్తకివ్వండి, కాదనను. మిద్దె అట్టా కాదు. చదరపు అడుగుకింత అని మాట్లాడితే వాటర్‌ప్రూఫ్ పూత విస్తీర్ణం మీదే డబ్బులొస్తాయి, పగుళ్ల మీద రావు. ఉరిసేదేమో పగుళ్లలోంచి, పిట్టగోడ మొదట్లోంచి, వాననీళ్లు పోయే గొట్టం మూతి దగ్గర్నుంచి. పగులుని వి ఆకారంలో తొలిచి, దుమ్ము ఊది, నింపి, ఆరాకే పూత. కింద చెమ్మ ఉండగా పూస్తే పొక్కులు లేచి ఊడొస్తుంది, అందుకే సెప్టెంబరులోపు చేయించాలి. రావి మొక్కని పైకి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. ఇటుకలు విప్పి వేరు తీసి, తిరిగి కట్టాల్సిందే.

దర్గామిట్ట:
అయితే పరీక్ష పెట్టండి. పనయ్యాక గొట్టాలు మూసి రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, 48 గంటలు చూడండి. కింద చెమ్మ కనపడకపోతేనే చివరి పావు వంతు డబ్బులు. గుత్తయినా ఈ షరతు ఉంటే ఎవరూ ఎగనామం పెట్టలేరు.

పొదలకూరు నిమ్మతోట:
దొడ్డిపని మాత్రం ఆ మనిషికి వద్దు, గడ్డి కోత తప్ప. కొబ్బరికి చెట్టెక్కేవాళ్లు వేరే ఉంటారు, చెట్టుకింత అని తీసుకుంటారు. ఎండిన మట్టలే దించమనండి. పచ్చ మట్టలు నరికితే కాపు తగ్గుతుంది, ఆ గాయాల వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. ఆకులు కత్తెరతో కోసినట్టు కనపడితే కొమ్ము పురుగు ఉన్నట్టు. మొవ్వు దగ్గరి మట్టల మొదళ్లలో మూడు నాఫ్తలీన్ గోళీలు పెట్టి ఇసుక కప్పాలి, 45 రోజులకోసారి మార్చాలి.

నిమ్మకి ఎండుకొమ్మలు, అంటు కింద నుంచి లేచిన కొమ్మలు తీసేయాలి. ఆ కొమ్మలే ఏపుగా కనపడతాయి, తెలియనివాడు వాటిని ఉంచి మంచివాటిని కోస్తాడు. కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి: మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు 10 లీటర్లు. విడివిడిగా ప్లాస్టిక్ బక్కెట్లలో కలిపి తర్వాత ఒకటి చేయాలి, ఇనుప బక్కెట్టు వాడకూడదు.

తుమ్మలపెంట రోడ్డు:
గడ్డికి మందు కొట్టిస్తే సరిపోదా?

పొదలకూరు నిమ్మతోట:
గ్లైఫోసేట్ అనే ఆ గడ్డిమందు తుంపర నిమ్మ ఆకుల మీద పడితే చెట్టు దెబ్బతింటుంది. పైగా చచ్చిన గడ్డి కూడా నిలబడే ఉంటుంది, పాములకి చాటు పోదు. గేటు దగ్గర మొదలుపెట్టి లోపలికి కోసుకుంటూ పోవాలి, పగటిపూటే, బూట్లు వేసుకుని.

సింగరాయకొండ మేస్త్రీ:
దర్గామిట్ట అన్నా, నీళ్ల పరీక్ష మంచిదే. పోర్టికో మీద మాత్రం రిపేరు అయి, క్యూరింగు పూర్తయ్యేదాకా వద్దు. రెండంగుళాల నీళ్లంటే చదరపు మీటరుకి 50 కిలోలు. ఇనుము తినేసిన కప్పు మీద ఆ బరువు పెట్టకూడదు. ఇక లెక్క చూసే మనిషి లేడన్నారు కదా, పోర్టికోకి రోజుకూలి ఇస్తూనే ప్రతి చువ్వకీ ప్రైమరు పూశాక, మాలు ఎక్కించేముందు ఫోటో పంపమనండి. ఆ ఫోటో చూసి మీరు సరేననేదాకా మాలు కలపొద్దని ముందే చెప్పండి.