రాయి ఒక్కటే, రిపోర్టులు రెండు: ఏది నమ్మాలి?

ప్రశ్న
మా తమ్ముడి మూత్రపిండంలోని రాయిని గత నెలలో లేజరుతో పగలగొట్టి తీశారు. ముక్కలను రెండు పొట్లాలు కట్టి రెండు ల్యాబులకు ఇచ్చాము. మొదటి రిపోర్టులో ‘కాల్షియం: ఉంది, ఆక్సలేట్: ఉంది, యూరిక్ ఆమ్లం: ఉంది, ఫాస్ఫేట్: లేదు’ అని మాత్రమే రాశారు. రెండవ దానిలో కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ 70 శాతం, యూరిక్ ఆమ్లం 30 శాతం అని ఒక గ్రాఫుతో సహా ఇచ్చారు. వీటిలో ఏది సరైనది? ఈలోగా అమ్మ వాడి చేత టమాటా, పాలు, పాలకూర అన్నీ మాన్పించింది.

సమాధానం 1
నేను ల్యాబులో పనిచేస్తాను. ఈ రెండు రిపోర్టుల మధ్య వైరుధ్యం లేదండీ, పద్ధతులే వేరు. మొదటిది రసాయనాలతో చేసే పాత పరీక్ష. ఉదాహరణకు, రాతి పొడిపై నత్రికామ్లం వేసి వేడిచేసి ఆరబెట్టి, మిగిలినదానికి అమ్మోనియా చుక్క తగిలిస్తే ఊదా ఎరుపు రంగు వస్తుంది. అది యూరిక్ ఆమ్లానికి గుర్తు. అయితే ఆ పరీక్ష ‘ఉందా, లేదా’ అన్నంతవరకే చెబుతుంది. ఆక్సలేట్ మోనోహైడ్రేటా (ఒక నీటి అణువుతో కూడినది), డైహైడ్రేటా (రెండు నీటి అణువులతో కూడినది) అన్నది తేల్చలేదు, ఎందుకంటే రెండింటిలోనూ ఉన్నవి అదే కాల్షియం, అదే ఆక్సలేట్. రెండవది ఎఫ్‌టీఐఆర్: కొద్ది మిల్లీగ్రాముల పొడిని పొటాషియం బ్రోమైడ్‌తో నూరి, బిళ్లగా నొక్కి, దాని గుండా పరారుణ కాంతిని పంపి, ఏయే తరంగాలను అది పీల్చుకుందో చూసి పదార్థాన్ని గుర్తిస్తారు. మీ గ్రాఫు అదే. నేనైతే రెండవ దానినే నమ్ముతాను, కానీ శాతాలను ఉజ్జాయింపు అంకెలుగానే తీసుకోండి. రాయి నడిమి భాగం ఒక పదార్థం, పై పొర మరొకటి కావడం మామూలే కాబట్టి, ఏ పొట్లంలోకి ఏ ముక్క పడిందన్నదానిపై కూడా ఫలితం ఆధారపడుతుంది.

సమాధానం 2
ముక్కలు ఇంకా మిగిలి ఉంటే ఫార్మలిన్‌లో (శరీర భాగాలు పాడవకుండా నిల్వ చేసే ద్రవంలో) వేయకండి, ప్లాస్టరుతో కాగితానికి అంటించకండి. మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, పొడి డబ్బాలో ఉంచితే చాలు. ఫార్మలిన్‌లో నానితే కొన్ని రకాల రాళ్లు, ముఖ్యంగా ఇన్ఫెక్షన్ వల్ల ఏర్పడే స్ట్రువైట్, మారిపోయి రిపోర్టు తప్పుదోవ పట్టవచ్చు.

సమాధానం 3
అమ్మగారికి ఒక మాట చెప్పండి: పాలు మాన్పించడం మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. తిండిలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకొని మలంతో పోనిస్తుంది. కాల్షియం తగ్గితే ఆక్సలేట్ రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి ఎక్కువగా చేరుతుంది. పాలకూర తగ్గించడం సబబే, పాపం టమాటాలో మాత్రం ఆక్సలేట్ అంత లేదు. ఇక యూరిక్ ఆమ్లం కనబడిందంటే మూత్రం బాగా ఆమ్లంగా ఉందేమో చూడాలి. మూత్రం పీహెచ్, 24 గంటల మూత్ర పరీక్ష గురించి యూరాలజిస్టును అడగండి; అవసరమైతే ఆయన పొటాషియం సిట్రేట్ రాస్తారు. అది యూరిక్ ఆమ్లపు రాయిని కరిగించగలదు, ఆక్సలేట్ రాయిని కరిగించదు. ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాడన్నది కాదు, రోజుకు 2.5 లీటర్ల మూత్రం వస్తోందా అన్నది లెక్క.

ప్రశ్న అడిగినవారు
అందరికీ ధన్యవాదాలు. రెండవ రిపోర్టు తీసుకొని సోమవారం డాక్టరుగారిని కలుస్తాము. పాలు రేపటి నుంచే మొదలు. టమాటా పప్పుకు అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.