బందరుకోట డచ్చి సమాధుల తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం నాన్నగారిని తీసుకుని విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్తున్నాను. ఆయన చదువుకున్నది బందరులోనే. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి వ్యాపారం పెట్టుకున్న రేవు అది. 1864 నవంబరు ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. ఆ దెబ్బ నుంచి ఊరు తేరుకోలేదని నాన్న ఇప్పటికీ బాధపడతారు.

ఆయన కోరిక ఒక్కటే, బందరుకోటలోని డచ్చి సమాధులను దగ్గరగా చూడాలని. పోయినసారి వెళ్తే గేటుకు తాళం. ఊచల్లోంచే చూశాం. రాతిపలక మీద ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలను నాన్న వేలితో గాల్లో దిద్దుకుంటూ చాలాసేపు నిలబడిపోయారు. అది చూసి నాకు మనసు ఉండబట్టలేదు.

తాళం ఎవరిని అడగాలి? ఆదివారం తీస్తారా? ఆయనకు మోకాళ్ల నొప్పులు, కారు గేటు దాకా వెళ్తుందా? నాకు అదే టెన్షన్.

గుడివాడ మీదుగా తిరిగొస్తూ పెడనలో ఆగి, కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద చెక్క అచ్చులతో కలంకారీ వేయడం కూడా ఆయనకు చూపించాలని ఉంది. ఆదివారం పని జరుగుతుందా, లేక శనివారమే బయల్దేరమంటారా? ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.