శ్రీశైలం ముంపు మీద మొదటి నవల: మధ్యలో ఆపకుండా ఎలా రాయాలి?

కర్నూలు టీచర్: అందరికీ నమస్తే. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిన ఊళ్ల మీద నవల రాస్తున్నాను. 1981లో ఊరు ఖాళీ చేయించినప్పుడు మా అవ్వ ఇంటి తలుపులు కూడా ఊడదీసి బండికెత్తించిందట. ఆమె మాటలన్నీ ఫోన్లో రికార్డు చేసి పెట్టుకున్నా. మొదటి అధ్యాయాలు బాగానే వచ్చాయి. పరీక్ష పేపర్లు, ఇంటి పని మీద పడ్డాక ముందుకు సాగట్లేదు. అవ్వ ఉండగానే పూర్తి చేసి ఆమెకు చదివి వినిపించాలి. అదే నా టెన్షన్. రాశావా లేదా అని గట్టిగా అడిగే మనిషి కావాలి.

రాత్రి రాతగాడు: అమెరికాలో 1999లో మొదలై 2025లో మూతపడిన నానోరైమో అని, నెలలో నవల రాసే సవాలు ఒకటుండేది. దాని లెక్క నవంబరు నెలలో 50,000 పదాలు, అంటే రోజుకు 1,667. ఉద్యోగం చేసేవాళ్లకు అది మోయలేని బరువు. రోజుకు అరపేజీ పెట్టుకోండి. సెలవుల్లో పెంచుకోవచ్చు.

పాత పాఠకురాలు: వారపత్రికల సీరియళ్లు గడువు వల్లే నడిచేవమ్మా. ప్రతి ఆదివారం ఒక భాగం ఒక్కరికే పంపు. బాగుందా అని మాత్రం అప్పుడే అడక్కు. అడిగితే దిద్దుకుంటూ కూర్చుంటావు, కథ కదలదు.

నంద్యాల: మేడం, పూర్తయ్యేదాకా ఎందుకు? రాసినంత వరకు అవ్వకు ఇప్పుడే వినిపించండి. తప్పులుంటే ఆమే చెబుతుంది, తర్వాతేమైందని కూడా అడుగుతుంది.

కర్నూలు టీచర్: అన్నా, ఈ ఆదివారమే అవ్వ దగ్గరికి వెళ్తాను. అక్కా, వారం వారం మీకు పంపనా?

పాత పాఠకురాలు: పంపమ్మా. రాత్రి తొమ్మిదైనా రాకపోతే నేనే మెసేజ్ పెడతా.